‘తెలీదు’ అనకూడదట, మంత్రిగారూ!

రాష్ట్ర న్యాయశాఖ మంత్రిగారికి, విశాఖపట్నం నుంచి నమస్కారం.

మద్దిలపాలెం దగ్గర హైవే మీద జరిగిన ఒక యాక్సిడెంటు నష్టపరిహారం కేసులో నేను సాక్షిని. మా పక్కింటి కుర్రాడి బైకును లారీ వెనక నుంచి గుద్దింది, టీ కొట్టు దగ్గర నిలబడి నేను చూశాను, అంతే. వాళ్ల ప్లీడరుగారి ఆఫీసుకు వెళ్లేసరికే నా చీఫ్ అఫిడవిట్, అంటే నా సాక్ష్యం రాసిన ప్రమాణపత్రం, టైపు చేసి రెడీగా పెట్టారు, అదీ ఇంగ్లీషులో. గుమస్తా చదివి అర్థం చెప్తుంటే, లారీ హారన్ కొట్టలేదని నేను చెప్పినట్టు ఒక లైను ఉంది. “హారన్ సంగతి నాకు తెలీదండీ, టీ కొట్టులో పాటలు మోగుతున్నాయి” అన్నాను. ప్లీడరుగారు కళ్లజోడు తీసి ఫైలు మీద పెట్టి, “బోనులో తెలీదు అంటే కేసు పోద్ది, కొట్టలేదు అనండి” అన్నారు. కుర్రాడి అమ్మ పక్క కుర్చీలోంచి నన్నే చూస్తోంది.

ఆ లైను కొట్టేశాకే సంతకం పెట్టాను. ఆ రోజు నుంచి ఆ ఇంటితో మాటల్లేవు. కోర్టులో ఆ అబద్ధం ఆడితే భారతీయ న్యాయ సంహిత (ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 229 సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా జైలు, బోనులో నిలబడేది మాత్రం నేను కదా!

మేం ఉండగానే ప్లీడరుగారు ఫోన్‌లో ఒక డాక్టరుతో కుర్రాడి డిసేబిలిటీ పర్సంటేజీ (నష్టపరిహారం లెక్కకు చూసే వైకల్యం శాతం) మాట్లాడారు, ముప్పై చాలదు నలభై కావాలని, కూరగాయల బేరంలా. కుర్రాడికి ఆపరేషన్ చేసిన డాక్టరు వేరే. వైద్యం చేయని డాక్టర్లు ఇచ్చే ఇలాంటి రెడీమేడ్ సర్టిఫికెట్లతో జాగ్రత్త అని సుప్రీంకోర్టు 2010లోనే, రాజ్‌కుమార్ కేసులో ట్రిబ్యునళ్లకు చెప్పింది.

సాక్షితో ముందు మాట్లాడటమే తప్పు అనను, బోను పేరు చెప్తేనే చెమటలు పట్టే మాలాంటివాళ్లకు ఎవరు ఏం అడుగుతారో చెప్పాల్సిందే, కానీ ప్రశ్న చెప్పడం వేరు, జవాబు అందించడం వేరు. ఇంగ్లండులో సాక్షితో రిహార్సల్ చేయించకూడదని బారిస్టర్ల నియమావళిలోనే ఉంది. మన బార్ కౌన్సిల్ రూల్స్‌లో తాను సాక్షి కావాల్సివచ్చే కేసును ప్లీడరు తీసుకోకూడదని ఉంది, గెలుపును బట్టి ఫీజు మాట్లాడుకోకూడదని ఉంది, ఈ గీత మాత్రం ఇంత స్పష్టంగా గీయలేదు. ఢిల్లీ బీఎండబ్ల్యూ కారు ప్రమాదం కేసులో సాక్షిని లోబరచుకోవాలని చూశారని సీనియర్ న్యాయవాది ఆర్.కె. ఆనంద్‌ను దోషిగా తేల్చడానికి ఒక టీవీ ఛానెల్ రహస్య కెమెరా కావాల్సివచ్చింది. ప్రతి సాక్షికీ కెమెరా ఎక్కడ దొరుకుతుంది?

ప్లీడర్ల మీద చర్య మీ చేతిలో లేదు, అడ్వకేట్స్ చట్టం 35వ సెక్షన్ ప్రకారం అది బార్ కౌన్సిల్ పని, తెలుసు. కానీ ప్రభుత్వ ప్లీడర్లను వేసేది మీరే. సాక్షికి జవాబులు నేర్పకూడదని, డాక్టరులాంటి నిపుణుడు సాక్ష్యం చెప్తే ఆయనకు ఎంత ఇచ్చారో కోర్టుకు చెప్పాలని వాళ్ల నియామకపు ఉత్తర్వులోనే రాయించండి. మిగతావాళ్ల కోసం బార్ కౌన్సిల్‌కు ఒక ఉత్తరం రాయండి. అన్నట్టు, సాక్షులకు కూర్చోడానికి చోటు, తాగడానికి నీళ్లు కూడా ఉండవని సుప్రీంకోర్టు 2000లోనే బాధపడింది. మొన్నటి వాయిదాకు నేను పొద్దున్నించి మెట్ల మీదే కూర్చున్నాను.

మళ్లీ వాయిదా సోమవారం. ఆ డాక్టరుగారి సాక్ష్యం కూడా ఆ రోజేనట.

ఇట్లు,
ఒక సాక్షి, విశాఖపట్నం