మా స్టాఫ్‌కు పాఠం చెప్పిన వాళ్ళకు థాంక్స్

మా ఏరియా ఆసుపత్రిలో రోగుల హక్కుల మీద స్టాఫ్ అందరికీ పెట్టుకున్న శిక్షణ ఒక విడత ముగిసింది. హెడ్ నర్సుగా ఏర్పాట్లు నావే కానీ, క్లాసులు నడిపింది బయటివాళ్ళు. ఒక్క పైసా తీసుకోలేదు, పేర్లు కూడా రాయొద్దన్నారు. అయినా థాంక్స్ చెప్పకుండా ఉండలేను.

ముందుగా మా టీచరమ్మకు. నర్సింగ్ స్కూల్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. "డాక్టర్లు, సిస్టర్లే కాదు, ఆయమ్మలు, వార్డ్ బాయ్‌లు, గేటు దగ్గరి సెక్యూరిటీ వాళ్ళు కూడా కూర్చుంటేనే వస్తా" అని ముందే షరతు పెట్టారు. లేకపోతే ఇదీ ఇంకో మీటింగ్ అయ్యేది, టీ తాగి సంతకాలు పెట్టి లేచేవాళ్ళం. వచ్చినవాళ్ళకు మొదట వినబడేది గేటు దగ్గరి గొంతే కదా. కాన్పు గదిలో రాత్రంతా పక్కనుండేది ఆయమ్మే.

టీచరమ్మ ఒక సిస్టర్‌ను లేబర్ టేబుల్ మీద పడుకోమన్నారు. కర్టెన్ తీసే ఉంచారు. నలుగురు చుట్టూ నిలబడి "ఎన్ని సెంటీమీటర్లు?", "ఇంకా టైముందిలే" అని వాళ్ళలో వాళ్ళే మాట్లాడుకోవాలి, పడుకున్న మనిషిని మాత్రం పలకరించకూడదు. కాసేపటికే ఆ సిస్టర్ చున్నీ సర్దుకుని లేచి కూర్చుంది. "నాకు ఉక్కపోసినట్టుంది మేడం" అంది. ఇక స్లైడ్లు వేయాల్సిన పని పడలేదు. కాన్పప్పుడు ఆడమనిషిని ఒకరిని తోడు ఉండనివ్వాలని కాన్పు గదులు బాగుపరచడానికి కేంద్రం 2017లో మొదలుపెట్టిన లక్ష్య కార్యక్రమం చెబుతూనే ఉంది. "తోడుంటే మాకు అడ్డం" అనే మాట మా దగ్గర ఇప్పుడు తగ్గింది. పోయిందని మాత్రం అనను.

వకీలు మేడంకు కూడా. కోర్టు పని పక్కనపెట్టి వచ్చి, సమీరా కోహ్లీ కేసును కథలా చెప్పారు. పరీక్ష కోసమని మత్తిచ్చి, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి ఒప్పుకుందని గర్భసంచి, అండాశయాలు తీసేశారు. మేజరైన మనిషి మేలుకునేదాకా ఆగే వీలుండగా తల్లి ఒప్పుకోలు చెల్లదని 2008లో సుప్రీంకోర్టు తేల్చింది. అది విన్నాక, ఆపరేషన్ కాగితం మీద భర్త సంతకం చాలనుకునేవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. కేస్ షీట్ కాపీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల నిబంధనల్లోనే ఉందట. "జిరాక్స్ మెషీన్ పాడైతే?" అని రికార్డు సెక్షన్ అన్న అడిగాడు. "రూల్లో మెషీన్ ఊసు లేదు నాయనా" అన్నారు మేడం.

కాన్పులై వెళ్ళిన అక్కలు కొందరు మా ఎదుటే నిలబడి మాట్లాడారు. వాళ్ళకు అందరికంటే ఎక్కువ రుణపడ్డాం. "నాకు ఆపరేషన్ ఎందుకు చేసిన్రో ఇప్పటికీ తెల్వది, కుట్లు మాత్రం చూపిస్త" అని ఒకామె అంటే హాలులో చప్పుడు లేదు.

మధ్యలో ఒక ఆయమ్మ లేచి, "మమ్మల్ని తిట్టేటోళ్ళ సంగతేంది?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. వార్డు నిండా పేషెంట్లుండి ఒక్క సిస్టరే డ్యూటీలో ఉంటే ఎంత ఓపికైనా చాలదు. టీచరమ్మ ఆ మాట కొట్టిపారేయలేదు. స్టాఫ్ కొరత గురించి సూపరింటెండెంట్ సార్‌కు ఇచ్చిన అర్జీలో తన సంతకం కూడా పెట్టారు.

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన పత్రంలో 17 హక్కులున్నాయి. వాటిని తెలుగులో, ఉర్దూలో ఫ్లెక్సీ వేసిచ్చిన ప్రింటింగ్ అన్నకు కూడా థాంక్స్. ఓపీ చీటీల కౌంటర్ పక్కన కట్టాం.

నైట్ డ్యూటీల వల్ల రాలేకపోయినవాళ్ళకు వచ్చే నెల మళ్ళీ క్లాసు ఉంది. వినికిడి లేని పేషెంట్లతో సైగల్లో మాట్లాడడం నేర్పగలవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి. టీచరమ్మ అది కూడా పెట్టాలంటున్నారు.