నెలకు రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు

గిద్దలూరు

చిరంజీవి చిన్నబ్బాయికి నాన్న ఆశీస్సులు.

మీ సైనిక శిక్షణలో, యుద్ధంలో ఖైదీలనూ గాయపడినవాళ్లనూ ఎలా చూడాలో చెప్పే జెనీవా ఒప్పందాల పాఠం పెడితే సగంమంది కునికిపాట్లు పడ్డారని నవ్వుతూ చెప్పావు. నాకు నవ్వు రాలేదు నాయనా. ఫోనులో చెప్పలేకపోయింది రాస్తున్నాను.

1971 యుద్ధం ముగిశాక మన శిబిరాల్లో సుమారు 93,000 మంది పాకిస్తానీ ఖైదీలు ఉన్నారు. మీ తాతయ్య అలాంటి ఒక శిబిరానికి కాపలా కాశాడు. యుద్ధం గురించి అడిగితే మాట దాటేసేవాడు. టపా వచ్చే రోజు గురించి మాత్రం అడగకపోయినా చెప్పేవాడు. ఇంటి నుంచి కార్డు రానివాళ్లు ఆ పూట అన్నం ముట్టేవారు కాదట. ఆ జెనీవా ఒప్పందాల్లో యుద్ధ ఖైదీల గురించిన 1949 నాటి మూడో ఒప్పందం ప్రకారం, శిబిరం చేరిన వారంలోపు ఖైదీని ఇంటికి కార్డు రాసుకోనివ్వాలి. ఆ తరువాత నెలకు కనీసం రెండు ఉత్తరాలు, నాలుగు కార్డులు. కోట్లమందిని మింగిన రెండో ప్రపంచ యుద్ధం తరువాత కూడా, శత్రువు తల్లికి కబురందాలని లెక్కగట్టి రాసినవాళ్లంటే నాకెంతో గౌరవం.

పట్టుబడినవాడు పేరు, ర్యాంకు, నంబరు, పుట్టిన తేదీ చెబితే చాలు. ఇంకేదో చెప్పించాలని కొట్టకూడదు, బెదిరించకూడదు, అవమానించకూడదు.

సెల్‌ఫోను దగ్గర మరీ జాగ్రత్త. ఖైదీని జనానికి వేడుకగా చూపకూడదని 13వ అధికరణం. 2019లో పాకిస్తాన్‌కు చిక్కిన మన వాయుసేన పైలట్ అభినందన్ గాయాలతో ఉన్న వీడియోలు బయటికొచ్చినప్పుడు మన ప్రభుత్వం ఈ ఒప్పందం పేరు చెప్పే అభ్యంతరం తెలిపింది. మనవాడి కోసం అడిగిన మర్యాద నీకు చిక్కినవాడికీ దక్కాలి.

ఉగ్రవాదులకు ఇవన్నీ ఎందుకని నీ తోటివాళ్లు అంటారు. దేశం లోపలి సాయుధ పోరులో సైతం, ఆయుధం వదిలినవాడినీ గాయపడినవాడినీ హింసించకూడదని నాలుగు ఒప్పందాల్లోనూ మూడో అధికరణం ఉంది. సాయుధ బలగాల ప్రత్యేక అధికారాల చట్టం కింద పట్టుకున్నా, వీలైనంత త్వరగా దగ్గరి పోలీసు స్టేషనులో అప్పగించాల్సిందే. శిక్ష వేయడం కోర్టు పని.

నీ పక్కవాడు నేలకొరిగిన రోజున ఇదంతా కష్టం, నాకు తెలుసు. ఆ రోజున కూడా ఖైదీ మీద ఎవరైనా చెయ్యెత్తితే అడ్డు నిలబడు. పైవాళ్ల ఆజ్ఞ అంటారేమో. సైన్య చట్టం శిక్షించేది చట్టబద్ధమైన ఆజ్ఞను ధిక్కరించినవాడిని. కట్టేసి ఉన్నవాడిని కొట్టమనడం అలాంటి ఆజ్ఞ కాదు.

ఆ పాఠం మళ్లీ చదువు. అర్థం కానిచోట మీ సుబేదారు గారిని అడుగు. ఆయన ఏమన్నారో నాకు రాయి.

మీ నాన్న