ముక్కు మూసుకుని తాగిన గుక్క

ఒరేయ్,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర దాటింది. తిట్టుకుంటూ ఉంటావు, తిట్టుకో, తప్పు నాదే. రెండుసార్లు మొదలుపెట్టి సగంలో ఆపేశాను. ఇవాళ మాత్రం పడుకోబోయి మళ్లీ లేచి కూర్చున్నాను. ఇది నీకు చెప్పకపోతే నిద్ర పట్టేలా లేదు.

మామూలు కబుర్లు ముందు అవగొట్టేస్తాను. అమ్మ మోకాలు నయం. ఇల్లు మారలేదు. పిల్లదానికి ముందు పన్ను ఊడింది. నీలం గొడుగు ఇంకా నా దగ్గరే ఉంది, అడగకు, ఇవ్వను. అంతే.

మొన్న ఆదివారం ఒక ద్రాక్షతోటకి వెళ్లాం. తోట వాళ్లదే, కోత వాళ్లదే, వైన్ చేసేదీ వాళ్లే. తల్లి, కూతురు, అల్లుడు. హంగూ ఆర్భాటం ఏమీ లేదు. రుచి చూపించే చోటంటే వాళ్ల వరండానే. బల్ల మీద రంగు బాగా కనబడాలని తెల్లగుడ్డ పరిచారు, దాని మీద గ్లాసులు, పక్కన ఒక బకెట్. గుక్క నోట్లో తిప్పి అందులో ఉమ్మేయొచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. తిరుగు ప్రయాణంలో బండి నడపాల్సింది నేనే కాబట్టి నేను ప్రతిదీ ఉమ్మేశాను.

కూతురు గ్లాసులో మూడో వంతు కూడా పోయదు. పైన ఖాళీ ఉంటేనే వాసన నిలుస్తుందట. గ్లాసు తిప్పి వాసన చూడమంది. నాతో వచ్చినవాళ్లు చెర్రీ అంటున్నారు, మిరియం అంటున్నారు, తడిమట్టి అంటున్నారు. నాకు మాత్రం నువ్వే గుర్తొచ్చావురా. గ్లాసులో ముక్కు పెట్టిన ప్రతిసారీ, ఆ జ్వరం తర్వాత ఫోన్‌లో "కాఫీ వేడినీళ్లలా ఉందిరా" అన్న నీ గొంతే వినబడింది.

ఆ మాటే ఆ అమ్మాయితో అన్నాను. నా స్నేహితుడికి వాసన పోయింది, ఇదంతా వాడికెలా చెప్పను అని. ఆమె సీసా బల్ల మీద పెట్టేసి "అమ్మా!" అని లోపలికి కేకేసింది.

పెద్దావిడ వచ్చింది. డెబ్భై దాటి ఉంటాయి. చేతివేళ్ల సందుల్లో ద్రాక్ష మరకలు నల్లగా దిగిపోయి ఉన్నాయి. "నాకూ అంతే నాయనా, ఆరేళ్లయింది. జలుబుతో పోయింది, మళ్లీ రాలేదు" అంది. నేను నోరు తెరిచాను. వైన్ చేసే మనిషిరా! ఇప్పటికీ కోత ఎప్పుడు మొదలెట్టాలో చెప్పేది ఆవిడేనట.

"ముక్కు మూసుకో" అంది. మూసుకున్నాను. "తాగు." ఎర్ర వైన్ ఒక గుక్క. చెర్రీ లేదు, మిరియం లేదు, ఏమీ లేదు. ఒక్క క్షణం భయం వేసింది, నిజం చెబుతున్నాను, నువ్వు రోజూ ఉండే గదిలోకి నన్నెవరో తోసి తలుపేసినట్టయింది. తర్వాత పులుపు తెలిసింది. వెనకే కాస్త చేదు. ఆ తర్వాత చిగుళ్ల మీద, బుగ్గల లోపల, పచ్చి పిందె కొరికినట్టు బిగపట్టేసింది. వగరు! ముక్కు వదలగానే చెర్రీ తిరిగొచ్చింది, గొంతు వెనక నుంచి ముక్కులోకి ఎక్కింది. మనం రుచి అనుకునేదాంట్లో చాలా భాగం అలా వెనకదారిన వచ్చే వాసనేనట. కానీ వగరు మాత్రం ముక్కు మూసినా తెరిచినా ఉన్నచోటే ఉంది.

ఎందుకంటే అది వాసన కాదు, అసలు రుచి కూడా కాదు, స్పర్శ. ద్రాక్ష తొక్కలో, గింజలో ఉండే టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటాయి, నోట్లో జారుడుతనం పోయి గరుకు తెలుస్తుంది. ఆరు రుచుల్లో మనవాళ్లు వగరుకి ఒక పీట వేశారు చూడు, అది నాలుకతో తడుముకునేదన్నమాట. కారం కూడా అంతే, మంటే కానీ రుచి కాదు. అంటే నీకు ఆరింట్లో ఒక్కటీ పోలేదు కదరా, నేనిన్నాళ్లూ...

సరే, ఆగు, ఇంకా ఉంది. ఆవిడ ఒక నల్లద్రాక్ష పండు వేళ్లతో నొక్కింది. రసం దాదాపు రంగే లేకుండా కారింది. ఎర్రదనం తొక్కలోనే ఉందట, అందుకే ఎర్ర వైన్ తొక్కలతో కలిపి పులియబెడతారు. తర్వాత గింజ నా చేతిలో పెట్టి నమలమంది. పటుక్కున విరిగింది. "పచ్చిగా ఉంటే ఇలా విరగదు, నోరంతా చేదు చేస్తుంది. నా పళ్లకి ఈ చప్పుడు వచ్చినరోజే కోత" అంది. చక్కెర కొలిచే పరికరం అల్లుడి జేబులో ఉంది. ఆవిడ గింజ నమిలేదాకా అతను కత్తెర తియ్యడు.

చివరికి నేలమాళిగకి తీసుకెళ్లింది. తలుపులు బార్లా తెరిచి, చాలాసేపు గాలి ఆడనిచ్చి అప్పుడు దిగనిచ్చింది. పులిసేటప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, కింద పేరుకుంటుంది, మనిషి తెలియకుండానే కూలిపోతాడట. ఆ మాట చెబుతున్నప్పుడు ఆవిడ ముఖంలో ఒకలాంటి నీడ వచ్చింది. నేను అడగలేదు.

లోపల 225 లీటర్ల ఓక్ పీపాలు. కొత్త తెల్ల వైన్ పులుస్తోంది. "చెవి పెట్టు" అంది. చల్లటి చెక్కకి చెవి ఆనించానురా. ఎండుటాకుల మీద చినుకులు మొదలైనట్టు చిటపటలు! ఈస్ట్ చక్కెర తింటున్న చప్పుడది. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర తింటే 1 శాతం ఆల్కహాల్ వస్తుందట. చప్పుడు మెల్లగా సన్నబడితే చక్కెర అయిపోవచ్చిందని, ఉన్నట్టుండి ఆగితే చలికి ఈస్ట్ ముడుచుకుందని ఆవిడ లెక్క. ఒక్కో పీపా దగ్గర ఆగి, కళ్లు మూసుకుని వింటోంది. నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఎవరూ చూడలేదనుకుంటా.

పోయిన వాసన మళ్లీ రావడానికి ముక్కుకి సాధన చేయించే ఆ నాలుగు సీసాలూ నువ్వు వాసన చూస్తున్నావా లేదా? గులాబీ, నీలగిరి, నిమ్మ, లవంగం. పూటకోసారి, రెండు పూటలా. ఏమీ తెలియకపోయినా ఆపకు. ఆవిడ ఆపేసిందట, విసుగొచ్చి, ఇప్పుడు బాధపడుతోంది. నీకు గట్టిగా చెప్పమంది.

ఆ ఎర్ర వైన్ ఒక సీసా నీ కోసం కొన్నాను. బిరడా ఎండకూడదని అడ్డంగా పడుకోబెట్టాను. ముక్కు తిరిగొచ్చాక తెరుద్దాం అనుకున్నాను ముందు. కానీ వగరు చూడటానికి ముక్కెందుకు, నువ్వు వచ్చే నెల వచ్చెయ్, ఇద్దరం ముక్కులు మూసుకుని... అయ్యో, పిల్లది లేచింది, పన్ను ఊడినచోట నొప్పట. మిగతాది రేపు రాస్తాను, ఇది మాత్రం పొద్దున్నే పోస్టులో వేసేస్తా.

నీ
గొడుగు దొంగ