వార్షిక నివేదిక: కెర్నెల్ నెట్‌వర్కింగ్ పుస్తకాల వేట

సభ్యులందరికీ నమస్కారం.

మన లినక్స్ అధ్యయన సంఘానికి ఈ ఏడాదంతా ఒక్క తీర్మానంతోనే గడిచింది. కెర్నెల్ నెట్‌వర్కింగ్ మీద, అంటే లినక్స్ మూలభాగమైన కెర్నెల్ నెట్‌వర్క్ ప్యాకెట్లను నడిపించే తీరు మీద, ఇప్పటి కోడ్‌కు సరిపోయే పుస్తకం లైబ్రరీకి కొనాలని పోయిన సర్వసభ్య సమావేశంలో అనుకున్నాం. కొనలేకపోయాం. డబ్బు లేక కాదు, అలాంటి పుస్తకం దొరక్క.

దొరికినవి రెండు. 2005లో వచ్చిన క్రిస్టియన్ బెన్వెనుటి పుస్తకం కెర్నెల్ 2.6 వెర్షన్‌ది. వెయ్యి పేజీలు దాటిన ఈ లావు పుస్తకం ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కంటపడింది. రామి రోసెన్‌ది 2013 చివర్లో వచ్చింది, 3.9 కెర్నెల్ మీద. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే మొదట బొమ్మలు కనిపించని జిరాక్స్ కాపీ వచ్చింది. అది వెనక్కి పంపి అసలుది తెప్పించుకునేసరికి రెండు నెలలు పోయాయి.

చదువు బెన్వెనుటితో మొదలుపెట్టాం. ఎస్‌కే బఫ్ (కెర్నెల్లో ఒక్కో ప్యాకెట్‌ను పట్టి ఉంచే డేటా నిర్మాణం, sk_buff) అధ్యాయం బాగానే సాగింది. లోపలి ఫీల్డులు మారినా, ప్యాకెట్‌ను మోసేది ఇప్పటికీ అదే. రూటింగ్ క్యాష్ (ఏ చిరునామాకు ఏ దారో ఒకసారి వెతికింది గుర్తుంచుకునే చోటు) దగ్గర బండి ఆగిపోయింది. పుస్తకం చెప్పిన ఫంక్షన్లు కొత్త సోర్సులో ఎంత వెతికినా లేవు. మూడు ఆదివారాలు మన డౌన్‌లోడ్‌లోనే ఏదో తేడా ఉందనుకుని టెన్షన్ పడ్డాం. తీరా చూస్తే ఐపీవీ4 రూటింగ్ క్యాష్‌నే 2012లో, 3.6 కెర్నెల్లో తీసేశారు. ఎవరైనా రకరకాల చిరునామాలతో ప్యాకెట్లు కురిపిస్తే ఆ క్యాష్ నిండిపోయి మెషీన్ చతికిలబడేదట. ఎందుకు తీశారో వెతకబోయి రూటింగ్ పట్టిక సంగతి ఎక్కువ నేర్చుకున్నాం, అదొక లాభం.

రోసెన్‌తో ఈ ఇబ్బంది తక్కువ. కానీ ఎస్‌కే బఫ్ పుట్టకముందే డ్రైవర్ దగ్గరే ప్యాకెట్‌ను పట్టే ఎక్స్‌డీపీ 2016లో 4.8తో వచ్చింది. వైర్‌గార్డ్ అనే వీపీఎన్ 2020లో 5.6తో చేరింది. 2013 పుస్తకంలో ఇవెలా ఉంటాయి? తొమ్మిది, పది వారాలకో కొత్త కెర్నెల్ వస్తుంటే ఏ రచయిత మాత్రం ఎంతని పరిగెత్తగలడు?

అందుకే కొత్త పుస్తకం కోసం ఎదురుచూపు మానేద్దామని కార్యవర్గం అనుకుంది. వచ్చే ఏడాది రోసెన్ పుస్తకాన్నీ, కెర్నెల్ సోర్సుతో పాటే వచ్చే డాక్యుమెంటేషన్లోని నెట్‌వర్కింగ్ ఫోల్డర్‌నూ పక్కపక్కనే పెట్టుకుని చదువుతాం. మారిన చోటల్లా మార్జిన్లో వెర్షన్ నంబరు రాయాలి. పెన్సిల్‌తోనే సుమా, రాసింది కూడా మారుతుంది.

జమాఖర్చుల పట్టీ విడిగా జతచేశాం. బెన్వెనుటి పుస్తకం ఎవరి దగ్గర ఉందో రిజిస్టర్లో లేదు. తీసుకెళ్లినవారు దయచేసి సమావేశానికి తెచ్చేయండి.

— కార్యదర్శి