చెంచాడు నూనె, వారానికో గుళిక

సంపాదకులకు,

బరువు తగ్గాలన్న తాపత్రయంతో కొందరు నూనెను పూర్తిగా మానేసి మునగాకును, తోటకూరను ఉత్త నీళ్లలో ఉడికించి తింటున్నారు. ఆ ఆకుల్లోని బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారే పదార్థం) పైత్యరసం సాయంతో పేగుల్లోంచి ఒంటికి పట్టాలంటే, అదే భోజనంలో కొంతైనా కొవ్వు ఉండాలి; ఆహారంలోని ఎ, డి, ఇ, కె విటమిన్లన్నిటికీ ఇదే నియమం. పోపుకు వేసే చెంచాడు నూనె అందుకు చాలు.

ఇంతకన్నా ఆందోళన కలిగించేది 60,000 యూనిట్ల విటమిన్ డి గుళికల వాడకం. వైద్యులు కొన్ని వారాలకని రాసిన వాటిని, నీరసం తగ్గుతుందన్న నమ్మకంతో, నెలల తరబడి మింగుతున్నారు. విటమిన్ సి మిగిలితే మూత్రంలో పోతుంది. డి అలా పోక కొవ్వులో పేరుకుంటుంది, మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎన్ని వారాలు వాడాలో చీటీ చూసి చెప్పాకే వీటిని ఇవ్వాలని మందుల దుకాణదారులను కోరుతున్నాను.

— ఒక పాఠకురాలు, ఏలూరు