కీర్తనను సాగదీసి పాడితే తప్పా?

చిట్టితల్లీ,

నేను పంపిన గ్రీకు కీర్తన విని, "దేవుడి మాటను ఇంతలా సాగదీస్తే అది ఆరాధన కాదు నాన్నా, గొంతు చూపించుకోవడం" అన్నావు. కొత్తగా బాణీలు కట్టినవాళ్ళు పాతదాన్ని వదిలేశారేమోనని కూడా అనుమానపడ్డావు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే రాస్తున్నాను.

అది మన బైబిల్లో 104వ కీర్తన, గ్రీకు లెక్కలో 103. బైజాంటియం అంటే కాన్‌స్టాంటినోపుల్ రాజధానిగా ఉన్న గ్రీకు క్రైస్తవ సామ్రాజ్యం. దాని చివరి రోజుల్లో పెద్ద పండుగలకు రాత్రంతా జాగరణ చేసేవారు. ఆ జాగరణ సాయంకాల ప్రార్థన ఈ కీర్తనతోనే మొదలయ్యేది. ముందు వచనాలు సాదాగా సాగిపోతాయి. 28వ వచనంలో "నీవు గుప్పిలి విప్పగా" అనే చోటికి రాగానే గాయకులు అందుకుంటారు. అక్కడి నుంచి ఒక్కో వచనానికి ఒక్కో బాణీ. రాతప్రతుల్లో బాణీ పక్కన కట్టినవారి పేరుంటుంది, కొన్నిటికి మాత్రం "పాతది" అనే ఉంటుంది. పేరున్నవాళ్ళూ పేరు మిగలనివాళ్ళూ ఒకే కీర్తనలో ఒకరి తర్వాత ఒకరు రావడం నాకెంత ఇష్టమో!

వాద్యాలు లేవు. కుడివైపొక బృందం, ఎడమవైపొక బృందం, అంతే. బాణీలు కట్టినవాళ్ళలో గొప్పవాడు యోహాను కుకుజెలిస్, గ్రీసులో మఠాలకు పేరుపడ్డ అథోస్ కొండమీద గ్రేట్ లావ్రా మఠంలో ఉన్న సన్యాసి. ఆయన క్రమపరిచిన పాటల పుస్తకానికి 1336 నాటి ప్రతి ఇప్పటికీ ఏథెన్స్‌లో ఉంది. మాటలు ఆగిన చోట "తెరిరెమ్, తెరిరెమ్" అంటూ ఆ కాలపువాళ్ళు పాడేది మన తిల్లానాలో "తోం తన" లాంటిదే. అర్థం లేదు కాబట్టి భక్తి లేదనకమ్మా. గుప్పిలి విప్పి సృష్టినంతా పోషించేవాణ్ణి స్తుతిస్తున్నప్పుడు మాటలు చాలకపోవడం సహజమే కదా.

కొత్తవాళ్ళు పాతదాన్ని వదిలేశారన్న నీ అనుమానానికి మాన్యుయేల్ క్రిసాఫిస్ అనే ఆస్థాన గాయకుడు ఆనాడే జవాబు రాశాడు. కుకుజెలిస్ ఎంత అలంకరించినా పాత బాణీల అడుగుజాడలు దాటలేదని, స్వరచిహ్నాలు లెక్కపెట్టుకుంటూ పాడినంత మాత్రాన గానం కాదని ఆయన వాదన. 1453లో కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల చేతికి చిక్కింది. అయినా 1458లో ఆయన తన చేత్తో ఒక పెద్ద పాటల పుస్తకం రాసి పూర్తిచేశాడు. అదిప్పుడు అథోస్‌లోని ఇవిరోన్ మఠంలో ఉంది.

ఈసారి కీర్తన ఎదురుగా పెట్టుకుని 28వ వచనం నుంచి విను. ఏ వచనం దగ్గర బాణీ మారిందో నాకు రాయి.

ప్రేమతో,
నాన్న