చేతిలో పరికరం లేకుండానే పరీక్షించినవాళ్లకు కృతజ్ఞతలు

యూఎస్‌బీ స్పెక్ట్రోమీటర్ల (కాంతిని రంగులవారీగా విడదీసి కొలిచే పరికరాలు) కోసం నేను రాస్తున్న సీ లైబ్రరీ ఎట్టకేలకు డెబియన్ అనే లినక్స్ పంపిణీలో చేరింది. కొత్త ప్యాకేజీలు ముందుగా చేరే అన్‌స్టేబుల్ దాటి, తర్వాతి విడుదలకు సిద్ధమయ్యే టెస్టింగ్‌లోకి కూడా వచ్చేసింది. ఇకపై ఎవరూ సోర్స్ దించుకుని, కంపైల్ చేసుకుని తంటాలు పడనక్కర్లేదు, ప్యాకేజీలను ఇన్‌స్టాల్ చేసే ఆప్ట్‌తో ఒక్క కమాండ్ చాలు. కోడ్ నాదే గానీ, దాన్ని ఇక్కడిదాకా తెచ్చింది మాత్రం వేరేవాళ్లు. వాళ్లలో చాలామంది ఈ పరికరాన్ని కళ్లతో కూడా చూడలేదు. ఎవరు ఏం చేశారో నలుగురికీ చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

మామూలు లైబ్రరీకి ఈ చిక్కు ఉండదు. డెబియన్‌లో ప్యాకేజీలు బిల్డ్ మెషీన్ల మీద తయారవుతాయి. వాటికి ఏ పరికరమూ తగిలించి ఉండదు, బిల్డ్ జరిగేటప్పుడు ఇంటర్నెట్ వాడకూడదు. నా టెస్టులేమో మొట్టమొదట పరికరం కోసం వెతికేవి, దొరక్కపోతే అక్కడే ఫెయిల్. టెస్టుల్ని మొత్తంగా ఆపేసి ప్యాకేజీ చేసే దారి ఒకటి ఉంది. నా తరఫున అప్‌లోడ్ చేయడానికి ముందుకొచ్చిన స్పాన్సర్ గారు దానికి ససేమిరా అన్నారు. ముందుగా ఆ మొండితనానికే థాంక్స్ చెప్పాలి.

ఆయన సలహా ఇది: పరికరంతో మాట్లాడే భాగాన్ని, వచ్చిన బైట్లకు అర్థం చెప్పే భాగాన్ని విడదీయండి. మొదటిదానికి పరికరం కావాలి, రెండోదానికి బైట్లు చాలు. వినగానే ఇంతేనా అనిపించింది, చేయడానికి మాత్రం కోడ్ సగం తిరగరాయాల్సి వచ్చింది. ఇక ఆ బైట్లు ఎక్కడినుంచి వస్తాయి? నా దగ్గరున్నది ఒక్క మోడలే. మిగతా మోడళ్లున్న వాళ్లు, యూఎస్‌బీ రాకపోకలను పట్టి చూపే యూఎస్‌బీమాన్‌తో తమ పరికరం పంపే ప్యాకెట్లను రికార్డ్ చేసి పంపారు. దీపం ముందు పెట్టి ఒకసారి, మూత పెట్టి చీకట్లో ఒకసారి, మధ్యలో కేబుల్ పీకేసి ఒకసారి. ఆ మూడోది నేను అడగలేదు. పంపినాయనే ఆలోచించి చేశారు, ఇప్పుడు మా టెస్టుల్లో అన్నిటికంటే పనికొచ్చేది అదే. పైగా ఆ ఫైళ్లను ఏ లైసెన్స్ కింద పంచుకోవచ్చో కూడా అడగకుండానే రాసిచ్చారు. నిజమైన పరికరం ఉంటేనే నడిచే టెస్టు ఒకటి మిగిలింది. పరికరం కనిపించకపోతే అది 77 అనే కోడ్‌తో బయటికొస్తుంది. డెబియన్‌లో ప్యాకేజీలను పరీక్షించే ఆటోప్యాకేజ్‌టెస్ట్ దాన్ని ఫెయిల్ అనుకోకుండా, వదిలేసినట్టు లెక్క వేసుకుంటుంది.

ఈ రికార్డింగుల పుణ్యమా అని ఒక గమ్మత్తు బయటపడింది. మిగతా అన్ని ఆర్కిటెక్చర్ల (ప్రాసెసర్ రకాల) మీదా టెస్టులు పాసైనట్టు పచ్చ గుర్తు, ఐబీఎం మెయిన్‌ఫ్రేముల ఎస్390ఎక్స్ మీద మాత్రం ఎరుపు. 1 రావాల్సిన చోట 256 వస్తోంది. పరికరం రెండు బైట్ల సంఖ్యను చిన్న బైటు ముందుగా పంపుతుంది, ఆ మెషీన్లు పెద్ద బైటు ముందు అనుకుని చదువుతాయి. మెయిన్‌ఫ్రేముకు స్పెక్ట్రోమీటర్ ఎవరు తగిలిస్తారండీ, ఆ ఒక్కదాన్నీ వదిలేద్దాం అన్నాను. ఆ మెషీన్ల మీద డెబియన్ నడిచేలా చూసుకునే ఒకామె వాదన పెట్టుకోకుండా, బైట్లను విడివిడిగా చదివి కలిపే చిన్న ప్యాచ్ (కోడ్ సవరణ) పంపేశారు. ఆ ప్యాచ్ తర్వాత కోడ్ ముందుకంటే చదవడానికి హాయిగా ఉంది.

యూడెవ్ రూల్ (తగిలించిన పరికరాన్ని ఎవరు వాడొచ్చో లినక్స్‌కు చెప్పే ఫైలు) సంగతి చెప్పకపోతే తప్పవుతుంది. లినక్స్‌లో యూఎస్‌బీ పరికరానికి రాసే హక్కు మామూలుగా రూట్‌కే ఉంటుంది. అందుకే ఇంటర్నెట్‌లో సగం సలహాలు 0666 పెట్టెయ్యమంటాయి, అంటే ఆ కంప్యూటర్‌లో ఉన్న ప్రతి యూజరూ రాయొచ్చు. దాని బదులు యూయాక్సెస్ ట్యాగ్ పెట్టమని ఒక రివ్యూయర్ చెప్పారు. అప్పుడు ఆ కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ అయినవాళ్లకే హక్కు వస్తుంది. పెట్టాను, పని చేయలేదు. ట్యాగ్‌ను అమలు చేసే సిస్టమ్‌డీ ఫైలు పేరు 73తో మొదలవుతుంది, మన ఫైలు వరసలో దానికంటే ముందుండాలి, మీది 99 కదా అని ఆయనే పట్టుకున్నారు. 60 చేయగానే దారికొచ్చింది.

లైసెన్స్ పని విసుగు పుట్టించేదే. పరికరం కమాండ్ల నంబర్లున్న హెడర్ ఫైలు ఒకటి తయారీదారు ఇచ్చింది, దాంట్లో లైసెన్స్ ముక్క లేదు. పరిచయం లేని ఒక విద్యార్థిని ఆ ఫైలు జోలికి పోకుండా, బహిరంగంగా దొరికే మాన్యువల్ ముందు పెట్టుకుని మొత్తం కొత్తగా రాసిచ్చింది. ఆ అమ్మాయి పేరు కాపీరైట్ ఫైల్లో ఉంది, ఉండాల్సిందే. పాత మోడల్ ఒకదానికి తగిలించిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ (పరికరం లోపల నడిచే సాఫ్ట్‌వేర్) ఎక్కించాలి, దాన్ని పంచే అనుమతి ఎవరికీ లేదు. అందుకని లైబ్రరీ మొత్తాన్ని కాంట్రిబ్‌లో (స్వేచ్ఛగా పంచలేని వాటి మీద ఆధారపడే ప్యాకేజీల విభాగం) పెట్టాల్సి వస్తుందేమోనని టెన్షన్ పడ్డాను. మిగతా మోడళ్లు దాని అవసరం లేకుండానే పనిచేస్తాయి కాబట్టి డెబియన్ అసలు విభాగమైన మెయిన్‌లోనే ఉండొచ్చని స్పాన్సర్ గారు ఓపిగ్గా వివరించారు. పాత మోడల్ వాళ్లు తమ దగ్గరున్న ఫర్మ్‌వేర్‌ను ఎఫ్‌ఎక్స్‌లోడ్ అనే టూల్‌తో ఎక్కించుకోవాలి.

కొత్త ప్యాకేజీలు అనుమతి కోసం ఆగే న్యూ క్యూలో ప్రతి ఫైలు లైసెన్సూ చూసిన డెబియన్ ఎఫ్‌టీపీ టీమ్‌కు నమస్కారాలు. జీతం లేని పని అది. క్యూ దాటాక, ప్యాకేజీ మన కంప్యూటర్లో కాకుండా బిల్డ్ మెషీన్ల మీద తయారైతేనే టెస్టింగ్‌లోకి వెళ్తుంది కాబట్టి, సోర్స్ మాత్రమే ఉన్న అప్‌లోడ్ మళ్లీ ఒకటి చేయాలి. అదీ స్పాన్సర్ గారే, నేను గుర్తు చేయకముందే చేసేశారు.

ఇంకో సాయం కావాలి. సమీప పరారుణ కాంతిని కొలిచే మోడల్ రికార్డింగ్ మాకు ఇంకా దొరకలేదు. మీ దగ్గరుంటే వెలుగులో ఒకటి, చీకట్లో ఒకటి తీసి పంపండి. వీలైతే మధ్యలో కేబుల్ పీకేసినది కూడా.